‘నాట్’ ఎందాకా పోతుంది?

ఇంగ్లీషులో ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టి చూడాలి. ఒకటి, ‘విత్ నో జాబ్, మేరీ వుడ్ బీ హ్యాపీ’. రెండోది, ‘విత్ నో జాబ్ వుడ్ మేరీ బీ హ్యాపీ’. రెండింటిలోనూ అవే ఏడు మాటలు. ‘మేరీ’, ‘వుడ్’ ఒకదాని చోటులోకి ఒకటి వెళ్ళాయి, అంతే. కానీ అర్థం తలకిందులైంది. మొదటి వాక్యం ప్రకారం ఉద్యోగం లేకపోతే మేరీ సంతోషంగా ఉంటుంది. రెండో వాక్యం ప్రకారం ఏ ఉద్యోగం ఇచ్చినా ఆమెకు సంతోషం ఉండదు.

భాషాశాస్త్ర తరగతుల్లో తరచుగా వినిపించే జంట ఇది. మొదటి వాక్యంలో ‘నో’ అన్న మాట ‘విత్’ అనే ప్రిపొజిషన్ గట్టు దాటలేదు. దాని పని ‘జాబ్’తోనే సరి. రెండో వాక్యంలో అది గట్టు దాటి వాక్యమంతా పారింది. అలా పారిందనడానికి పైకి కనిపించే గుర్తు ఒక్కటే, ‘వుడ్’ అనే మోడల్ క్రియ కర్తకు ముందుకు రావడం. ఇంగ్లీషు పుట్టుభాషగా ఉన్నవాళ్ళు ఈ తేడాను ఎవరూ చెప్పకుండానే పసిగడతారు. మాటలాడేటప్పుడు మొదటి దానిలో ‘జాబ్’ దగ్గర ఒక విరామం ఇస్తారు, రెండో దానిలో ఇవ్వరు.

ఇంగ్లీషు పాఠం చెప్పడానికే జీవితమంతా వెచ్చించిన ఒక ఉపాధ్యాయుని పేరిట ఏర్పడిన ధర్మనిధి ఉపన్యాసానికి ఈ విషయాన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. మన వ్యాకరణ పుస్తకాల్లో మోడల్ క్రియలు ఒక పాఠం, ప్రిపొజిషన్లు ఇంకో పాఠం, వ్యతిరేక వాక్యాలు వేరొక పాఠం. ఇంగ్లీషువాళ్ళ నోట్లో మాత్రం ఈ మూడూ ఒకే ముడి. కాదు, వద్దు, కూడదు, కుదరదు అనాలనుకున్నప్పుడు వాళ్ళు మోడల్ క్రియనూ ‘నాట్’నూ ప్రిపొజిషన్‌నూ కలిపే వాడతారు. ఆ ముడిని విడదీసి నేర్పినందువల్లే, పదిహేనేళ్ళు ఇంగ్లీషు చదివినవాళ్ళు కూడా ఒక ఒప్పంద పత్రంలోని ‘షల్ నాట్’ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేల్చుకోలేకపోతున్నారు.

రైల్వే స్టేషన్లలో, విమానాల్లో, కరెంటు స్విచ్చుల పక్కన కనిపించే హెచ్చరికలే తీసుకోవచ్చు. ‘అండర్ నో సర్కమ్‌స్టాన్సెస్ షుడ్ దిస్ డోర్ బీ ఓపెన్డ్’, ‘ఆన్ నో అకౌంట్ మస్ట్ దిస్ స్విచ్ బీ టచ్డ్’, ‘ఎట్ నో టైమ్ మే ప్యాసింజర్స్ క్రాస్ ది ట్రాక్’. అండర్, ఆన్, ఎట్ అనే ప్రిపొజిషన్లు ‘నో’ను వెంటబెట్టుకుని వాక్యం మొదట్లో నిలబడగానే షుడ్, మస్ట్, మే కర్తను దాటి ముందుకొచ్చాయి. ‘ఎట్ నో టైమ్’ అంటే ఎప్పుడూ కాదు. ‘ఇన్ నో టైమ్’ అంటే క్షణాల్లో. ‘ఇన్ నో టైమ్ హి వుడ్ ఫినిష్ ఇట్’ అన్నప్పుడు ‘వుడ్’ తన చోటు వదలదు, ఎందుకంటే ఆ ‘నో’ వాక్యాన్ని నిషేధించడం లేదు. ఎట్, ఇన్ అనే రెండు చిన్న మాటల మధ్య ఇంత దూరం ఉంది. 1964లో ఎడ్వర్డ్ క్లీమా ఇంగ్లీషు నిషేధం మీద రాసిన పెద్ద వ్యాసంలో ఈ వరస మార్పును నిషేధం వాక్యమంతా వ్యాపించిందా లేదా తేల్చే పరీక్షల్లో ఒకటిగా వాడాడు. ఆ తర్వాత ఈ విషయం మీద రాసినవాళ్ళు ఆ వ్యాసాన్ని పట్టించుకోక తప్పలేదు.

అసలు ‘నాట్’ మోడల్ క్రియ పక్కకు ఎలా చేరింది? వెయ్యేళ్ళ కిందటి ఇంగ్లీషులో నిషేధానికి ‘నె’ అనే చిన్న మాట ఉండేది. అది క్రియకు ముందు వచ్చేది. కొన్ని క్రియలతో అతుక్కుపోయేది కూడా. ‘విల్’తో కలిసి ‘నిల్’ అయింది. ఇష్టమున్నా లేకపోయినా అనే అర్థంలో ఇప్పటికీ వాడే ‘విల్లీ నిల్లీ’ ఆ నాటి శేషమే. ఒంటరి ‘నె’ బలం చాలక, తర్వాతి శతాబ్దాల్లో క్రియ వెనక ‘ఏ వస్తువూ కాదు’ అని అర్థమిచ్చే మరో మాట తోడు చేరింది. అదే అరిగి అరిగి ‘నాట్’ అయింది. కొంతకాలం రెండూ కలిసి నడిచాయి. ఆ పైన ‘నె’ రాలిపోయి ‘నాట్’ ఒక్కటే మిగిలింది. డెన్మార్కు పండితుడు ఒట్టో యెస్పర్సన్ 1917లో వెలువరించిన గ్రంథంలో ఈ చక్రాన్ని పలు భాషల్లో చూపించాడు. ఫ్రెంచి కూడా ఇదే దారిలో నడిచింది. 1979లో స్వీడన్ భాషావేత్త ఈస్టెన్ దాల్ దీనికి యెస్పర్సన్ చక్రమని పేరు పెట్టాడు.

తర్వాత మామూలు క్రియలు ‘డు’ సాయం కోరాయి. ‘ఐ నో నాట్’ పోయి ‘ఐ డు నాట్ నో’ వచ్చింది. మోడల్ క్రియలు మాత్రం ఆ సాయం ఒప్పుకోలేదు. కెన్, విల్, షల్, మస్ట్ ‘నాట్’ను నేరుగా తమ పక్కనే ఉంచుకున్నాయి. పదిహేడో శతాబ్దానికి ఆ పొందిక అతుకుగా మారి కాంట్, వోంట్, షాంట్ రాతలోకి వచ్చాయి. ‘వోంట్’లోని ఓకారం ‘విల్’ నుంచి వచ్చింది కాదు, దాని పాత రూపం ‘వొల్’ నుంచి వచ్చింది. ఆర్నల్డ్ జ్విక్కీ, జెఫ్రీ పుల్లమ్ 1983లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో ఈ అతుకు విడిమాట సంక్షిప్తం కాదనీ, క్రియకు చేరిన ప్రత్యయమనీ వాదించారు. సంక్షిప్తమే అయితే ప్రతి క్రియతోనూ ఒకేలా రావాలి. కానీ ‘మేంట్’ దాదాపు చచ్చిపోయింది, ‘ఆమ్‌ంట్’ ఐర్లండ్, స్కాట్లండ్ దాటి బతకలేదు. ప్రత్యయాలకే ఇలాంటి లోపాలుంటాయి. తెలుగువాడికి ఈ వాదన కొత్తగా తోచదు. ‘రాను, రావు, రాడు’ అని క్రియలోనే నిషేధాన్ని ఇముడ్చుకోవడం ద్రావిడ భాషల పాత అలవాటు. భద్రిరాజు కృష్ణమూర్తి తన ద్రావిడ భాషల గ్రంథంలో దీన్ని వివరంగా చర్చించారు.

క్రియకు అతుక్కున్నంత మాత్రాన ‘నాట్’ ఆ క్రియనే నిషేధిస్తుందని అనుకోకూడదు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా పొరపడతారు. ‘మస్ట్’ అంటే తప్పనిసరి. కాబట్టి ‘మస్ట్ నాట్’ అంటే తప్పనిసరి కాదు అని లెక్క కట్టడం సహజమే. జర్మన్ భాషలో సరిగ్గా అలాగే జరుగుతుంది. ఆ భాషలో ‘ముస్ నిహ్ట్’ అంటే చెయ్యనక్కరలేదని. ఇంగ్లీషులో ‘మస్ట్ నాట్’ అంటే చెయ్యకూడదు. తప్పనిసరితనం చెక్కుచెదరలేదు, నిషేధం దాని లోపలి పని మీద పడింది. చెయ్యనక్కరలేదని చెప్పాలంటే ‘నీడ్ నాట్’ కావాలి. ‘యు మస్ట్ నాట్ వెయిట్ ఫర్ హిమ్’ అంటే అతని కోసం ఆగకూడదు. ‘యు నీడ్ నాట్ వెయిట్ ఫర్ హిమ్’ అంటే ఆగనక్కరలేదు.

‘మే నాట్’ది ఇంకో చిక్కు. ‘ప్యాసింజర్స్ మే నాట్ గెట్ ఆఫ్ ఎట్ దిస్ స్టేషన్’ అన్న వాక్యం ఒంటరిగా కనిపిస్తే దిగకూడదనా, దిగకపోవచ్చుననా? రెండూ కుదురుతాయి. ఈ మూడు అర్థాలకూ, ‘కెనాట్’ చెప్పే లేమికీ కలిపి తెలుగు నాలుగు వేర్వేరు రూపాలు పెట్టుకుంది. దిగకూడదు, దిగనక్కరలేదు, దిగకపోవచ్చు, దిగలేడు. ‘దిగకపోవచ్చు’లో ముందు దిగకపోవడం, ఆ మీద వచ్చే అవకాశం. ‘దిగలేడు’లో ముందు దిగడం, దాని మీద లేమి. నిషేధం లోపల ఉందో బయట ఉందో తెలుగు క్రియ చెవికే చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ఆ వరస వినబడదు. ఏ మోడల్ క్రియ ఎటు తిరుగుతుందో గుర్తు పెట్టుకోవలసిందే. తెలుగు పిల్లవాడికి ఇదంతా కష్టమని చాలామంది ఉపాధ్యాయులు అనుకుంటారు. నిజానికి ఈ తేడాలన్నీ అతనికి పుట్టుకతోనే తెలుసు. అతని చేతిలో ఉన్న నాలుగు తెలుగు రూపాలను ముందు బోర్డు మీద రాస్తే సగం పాఠం అయిపోయినట్లే.

ఈ సందిగ్ధం వల్ల నష్టం జరుగుతుందని ఇంజనీర్లు గుర్తించారు. ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల్లో వాడే మాటల అర్థాలను ఖరారు చేస్తూ 1997 మార్చిలో స్కాట్ బ్రాడ్నర్ ఒక చిన్న పత్రం రాశాడు. ఆర్‌ఎఫ్‌సీ 2119 దాని సంఖ్య. హైదరాబాదులోనైనా కాలిఫోర్నియాలోనైనా నెట్‌వర్కు సాఫ్ట్‌వేర్ రాసే తెలుగువాళ్ళకు అది పరిచయమే. ‘మస్ట్ నాట్’, ‘షల్ నాట్’ అంటే సంపూర్ణ నిషేధం. ‘షుడ్ నాట్’ అంటే చెయ్యకపోవడమే మంచిది, బలమైన కారణముంటే చెయ్యవచ్చు. ఆ జాబితాలో ‘మే’ ఉంది గాని ‘మే నాట్’ లేదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ రచనా నియమాలు ఇంకా సూటిగా ఉంటాయి. నిషేధం చెప్పడానికి ‘షల్ నాట్’ బదులు ‘మే నాట్’ వాడవద్దని అవి స్పష్టంగా ఆదేశిస్తాయి.

ఇక నిషేధ మోడల్, క్రియ, ప్రిపొజిషన్ ఒకే కట్టుగా మారిన పలుకుబడుల దగ్గరకు రావాలి. ఇంగ్లీషువాళ్ళ రోజువారీ మాటల్లో ఇవి దండిగా ఉన్నాయి. మన నిఘంటువులు మాత్రం వీటిని సరిగా చూపవు.

‘స్టాండ్ ఫర్’ అంటే దేనికైనా ప్రతీకగా నిలబడటం, ఒక విలువ పక్షాన ఉండటం. ముందు ‘వోంట్’ చేర్చి ‘ఐ వోంట్ స్టాండ్ ఫర్ ఇట్’ అంటే నేను దీన్ని సహించను. సహించడమనే అర్థం మామూలు వాక్యంలో వెతికినా దొరకదు. ‘ఫర్’ తీసేసి ‘ఐ కాంట్ స్టాండ్ ఇట్’ అంటే ఓర్చుకోలేను. మొదటిది అధికారంతో చెప్పే మాట, రెండోది మనసు భరించలేక చెప్పే మాట. స్కూలు హెడ్మాస్టరు అల్లరి పిల్లలతో ‘వోంట్ స్టాండ్ ఫర్’ అంటాడు, తలనొప్పితో ఉన్న మనిషి రేడియో మోతను ‘కాంట్ స్టాండ్’ అంటాడు. ‘ఎబైడ్’ కథ దీనికి ఎదురుగా నడిచింది. ‘ఎబైడ్ బై’ అంటే నియమానికి కట్టుబడటం. ‘కాంట్ ఎబైడ్’ అంటే పొడగిట్టకపోవడం. మామూలు వాక్యానికి ‘బై’ కావాలి, నిషేధానికి ‘కాంట్’ ఒక్కటే చాలు. ‘ఐ కెన్ ఎబైడ్ హిమ్’ అని ఇప్పటి ఇంగ్లీషులో ఎవరూ అనరు. ‘బేర్’ కూడా ఇంతే. ‘కాంట్ బేర్’ అంటే భరించలేకపోవడం, ‘బేర్ విత్’ అంటే కాస్త ఓపిక పట్టడం.

‘హియర్ ఆఫ్’ అంటే ఒక విషయం చెవిన పడటం. ‘షి వోంట్ హియర్ ఆఫ్ ఇట్’ అంటే ఆ ఊసే ఎత్తనివ్వదు. పెళ్ళి ఖర్చు పంచుకుందామని వియ్యంకుడు అడిగితే పెళ్ళికూతురి తల్లి పట్టుదలగా కాదనడం లాంటి సందర్భం. ‘డ్రీమ్ ఆఫ్’ అంటే కలగనడం. ‘ఐ వుడంట్ డ్రీమ్ ఆఫ్ ఇట్’ అంటే అలాంటి పని నేను కలలో కూడా చెయ్యను. మర్యాదగా కాదనడానికి ఇంగ్లండులో వాడే మాట ఇది. ఇక్కడ ‘డోంట్’ పెడితే ఆ మర్యాదంతా పోయి, రాత్రి వచ్చే కలల గురించిన సమాచారం మిగులుతుంది. వీటన్నిటిలో విదేశీయుడికి అంతు చిక్కనిది ‘ఐ వుడంట్ పుట్ ఇట్ పాస్ట్ హిమ్’. అతడు అంతపనీ చేసేవాడే, అనుమానించడానికి వెనకాడను అని దీని భావం. ‘పాస్ట్’ అనే ప్రిపొజిషన్ ఇక్కడ ఒక గీత. ఆ పని అతని స్వభావపు గీతకు అవతల ఉందని చెప్పలేను అంటున్నాడు మాట్లాడేవాడు. నిషేధం తీసేస్తే వాక్యమే నిలవదు.

ఈ కట్టుల్లో కొన్ని నిషేధం లేకుండా బతకలేవు, కొన్ని నిషేధంతో కలిసి కొత్త అర్థం తెచ్చుకున్నాయి. ‘డు వితౌట్’ లాంటివి రెండు దిక్కులా తిరుగుతాయి. ‘కెన్ డు వితౌట్’ అంటే అది లేకున్నా గడిచిపోతుంది, ‘కాంట్ డు వితౌట్’ అంటే అది లేనిదే గడవదు. ఇలాంటి మాటలను ప్రిపొజిషన్ల జాబితాలో ఇరికించి, ఖాళీలు పూరించమని పరీక్షలో అడగడం వల్ల ప్రయోజనం లేదు. వాటిని వాక్యంగా, సందర్భంతో సహా చెవికి ఎక్కించాలి.

‘ఫర్’ దగ్గర ఇంకొంచెం ఆగవచ్చు. ‘హి కుడంట్ స్లీప్ ఫర్ ది నాయిస్’ అంటే గోల వల్ల నిద్రపట్టలేదు. కారణం చెప్పే ఈ ‘ఫర్’ ఇప్పటి ఇంగ్లీషులో అంతటా రాదు. ఏదో పని చెయ్యనివ్వని అడ్డంకి ఉన్నప్పుడు, ముఖ్యంగా కెన్, కుడ్ వ్యతిరేక రూపాల తర్వాత, అది ఇంకా హాయిగా వినిపిస్తుంది. చెట్లు అడ్డొచ్చి అడవి కనబడలేదన్న సామెతలో ఉన్నదీ ఈ ‘ఫర్’ అనే మాటే. జాన్ హేవుడ్ 1546లో అచ్చు వేసిన సామెతల సంకలనంలో అప్పటికే అది ‘కెన్ నాట్’తోనే ఉంది. బ్రిటిష్‌వాళ్ళు ‘వుడ్’ అంటే అమెరికన్లు ‘ఫారెస్ట్’ అంటారు. ‘కాంట్’, ‘ఫర్’ మాత్రం ఇద్దరూ మార్చలేదు.

కాలాన్ని చెప్పే ప్రిపొజిషన్లు నిషేధ మోడల్ పక్కన పడగానే కొత్త లెక్కలు మొదలవుతాయి. ‘ఇట్ వోంట్ బీ రెడీ బై మండే’ అంటే సోమవారానికి తయారు కాదు, ఆ తర్వాత ఎప్పుడో. ‘ఇట్ వోంట్ బీ రెడీ అంటిల్ మండే’ అంటే సోమవారం తయారవుతుంది, ఆ లోపల కాదు. టైలరు దగ్గర బట్టలైనా, ఆఫీసులో నివేదికైనా ఈ రెండింటి మధ్య తేడా తెలియకపోతే మనిషి తప్పు రోజున వెళ్ళి నిలబడతాడు. ‘అంటిల్’కు తెలుగులో ‘వరకు’ అని ఒక్క అర్థం చెప్పి ఊరుకోవడం మన పుస్తకాల లోపం. నిషేధంతో వచ్చే ‘అంటిల్’కు తెలుగులో ఇంకా మంచి మాట సిద్ధంగా ఉంది. ‘సోమవారం గాని తయారు కాదు’, ‘ఆయన వస్తే గాని తేలదు’. ఈ ‘గాని’ నిషేధ క్రియను వెంటబెట్టుకునే వస్తుంది, ఇంగ్లీషు ‘నాట్ అంటిల్’ చేసే పనంతా చేస్తుంది. పల్లెల్లో ఈ మాట ఇంకా చెక్కుచెదరలేదు. తరగతి గదిలోకి ఎందుకు రాలేదో అర్థం కాదు.

‘ఐ వోంట్ బీ ఇన్ హైదరాబాద్ ఫర్ టూ వీక్స్’ అన్నాడనుకుందాం. రెండు వారాలపాటు ఊళ్ళో ఉండడా, లేక రెండు వారాలంత ఎక్కువ కాలం ఉండడా? వాక్యం రెంటికీ ఒప్పుకుంటుంది. ‘ఫర్ టూ వీక్స్’ను వాక్యం మొదటికి తెస్తే ఆ సందేహం తీరిపోతుంది. ‘ఫర్ టూ వీక్స్ ఐ వోంట్ బీ ఇన్ హైదరాబాద్’ అంటే రెండు వారాలూ లేడు. ప్రిపొజిషన్ పదబంధం ముందుకు జరిగి ‘నాట్’ చేతికి అందకుండా పోయింది. మేరీ వాక్యాల్లో ‘నో’ ప్రిపొజిషన్ లోపల ఉంది. ఇక్కడ ‘నాట్’ మోడల్ దగ్గర ఉంది. ఎవరు ఎవరి పరిధిలో ఉన్నారన్నదే రెండు చోట్లా ప్రశ్న.

కొన్నిసార్లు ఇంగ్లీషువాళ్ళే ఈ పరిధుల్లో దారి తప్పుతారు. ‘ఓవర్’, ‘అండర్’ ప్రిపొజిషన్లుగా పుట్టి క్రియలకు ముందు అతికిన మాటలు. ఒక విషయం చాలా ముఖ్యమని చెప్పాలంటే ‘కెనాట్ బీ ఓవరెస్టిమేటెడ్’ అనాలి. ఎంత గొప్పగా అంచనా వేసినా అది ఎక్కువ కాదని. పత్రికల్లో, ఉపన్యాసాల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో అదే అర్థంలో ‘కెనాట్ బీ అండరెస్టిమేటెడ్’ కూడా విరివిగా కనిపిస్తుంది. అక్షరాలా చదివితే ఎంత తక్కువ అంచనా వేసినా తక్కువ కాదని, అంటే ఆ విషయం విలువ సున్నా అని. ఇది ఒట్టి అజాగ్రత్త అని తీసిపారెయ్యడం సరికాదు. ‘కెనాట్’కు అసాధ్యమనే అర్థంతోపాటు కూడదనే అర్థం కూడా ఉంది. తక్కువ అంచనా వెయ్యకూడదు అని చదివితే వాక్యం చక్కగా నిలుస్తుంది. పీటర్ వేసన్, షూలీ రైక్ 1979లో మాటల భ్రమ అనే పేరుతో ప్రచురించిన పరిశోధనలో మరో వాక్యాన్ని పరీక్షకు పెట్టారు. తలకు తగిలే ఏ దెబ్బా పట్టించుకోకుండా వదిలెయ్యలేనంత చిన్నది కాదు, అన్నట్టుండే వాక్యం అది. చదివినవాళ్ళు దానికి సరిగ్గా వ్యతిరేకమైన అర్థం చెప్పారు, తమకు అర్థమైందనే నమ్మారు. మూడు నిషేధాలు ఒకే వాక్యంలో చేరితే మనసు వాక్యాన్ని వదిలి లోకజ్ఞానాన్ని పట్టుకుంటుంది.

అన్ని జంట నిషేధాలూ ఇలా తడబాటు పెట్టవు. ‘ఐ కెనాట్ బట్ అగ్రీ’లో ‘బట్’ తప్ప అనే అర్థమిచ్చే ప్రిపొజిషన్. ఒప్పుకోవడం తప్ప మరొకటి చెయ్యలేను. ‘ఒప్పుకోక తప్పదు’ అనే తెలుగువాడికి దీన్ని వివరించనక్కరలేదు. ‘కాంట్ హెల్ప్ లాఫింగ్’ అంటే నవ్వకుండా ఉండలేను. ఇక్కడా తెలుగు వాక్యం అదే తీరున నడిచింది.

ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళందరూ ఒకేలా మాట్లాడరని కూడా చెప్పుకోవాలి. స్కాట్లండులో ‘కాన్నే’, ‘విన్నే’ వినిపిస్తాయి. ఐర్లండులో, ఉత్తర ఇంగ్లండులో ‘హి మస్ంట్ బీ ఇన్’ అంటే అతను ఇంట్లో లేనట్టుంది అని ఊహ. లండన్ పుస్తకాల ఇంగ్లీషులో అక్కడ ‘కాంట్ బీ ఇన్’ రావాలి. అమెరికా దక్షిణాన ‘మైట్ నాట్ కుడ్’ అని రెండు మోడల్ క్రియలు జంటగా వస్తాయి. జెఫ్రీ లీచ్ 2003లో ప్రచురించిన అధ్యయనం 1961 నాటి అచ్చు ఇంగ్లీషును 1990ల మొదటి నాటి దానితో పోల్చింది. ఆ ముప్పై ఏళ్ళలో మోడల్ క్రియల వాడకం బ్రిటన్, అమెరికా రెండింటా సుమారు పదోవంతు తగ్గింది. షల్, మస్ట్, మే బాగా తగ్గాయి, మోడల్‌గా ‘నీడ్’ మరీ తగ్గింది. ‘నీడ్ంట్’ చోటును ‘డోంట్ హావ్ టు’ ఆక్రమిస్తోంది. పాఠం చెప్పేవాళ్ళు దీన్ని గమనించాలి. ‘నీడ్ంట్’ను అర్థం చేసుకోవడం నేర్పాలి, ‘డోంట్ హావ్ టు’ను నోట పలికించాలి.

‘షల్’ ఎంత తగ్గినా చట్టంలో మాత్రం దాని పట్టు పోలేదు. నిషేధం, మోడల్, ప్రిపొజిషన్ కలిసిన కట్టు మన బతుకుల మీద నేరుగా పనిచేసేది కూడా అక్కడే. భారత రాజ్యాంగం 21వ అధికరణం ‘నో పర్సన్ షల్’ అని మొదలై, ఏ వ్యక్తి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించరాదని చెప్పి, ‘ఎక్సెప్ట్’ అనే ప్రిపొజిషన్ దగ్గర మలుపు తిరుగుతుంది. పన్నుల గురించిన 265వ అధికరణంలోనూ ఉన్నది ‘ఎక్సెప్ట్’ అనే మాటే. ఆస్తి గురించి 1978 నాటి 44వ సవరణతో వచ్చిన 300ఏ అధికరణంలో అదే పనికి ‘సేవ్’ వాడారు. మేజిస్ట్రేటు అనుమతి లేకుండా 24 గంటలు దాటి నిర్బంధించరాదన్న 22వ అధికరణంలో ‘వితౌట్’ ఉంది. మూడు ప్రిపొజిషన్లదీ ఒకటే కొలువు. ముందున్న ‘నో’ అధికారం మొత్తాన్నీ మూసేస్తుంది, ప్రిపొజిషన్ ఒక సందు తెరుస్తుంది. ఆ సందు ఎంత వెడల్పో తేల్చడమే తర్వాతి చరిత్రంతా.

21వ అధికరణంలో ‘ఎక్సెప్ట్’ తర్వాత ఏ మాట ఉండాలన్న చర్చ రాజ్యాంగ రచన నాటిదే. సలహాదారు బి.ఎన్. రావు 1947లో అమెరికా వెళ్ళి అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫెలిక్స్ ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. అమెరికా పద్ధతిలోని ‘డ్యూ ప్రాసెస్’ వదిలి, చట్టం నిర్దేశించిన విధానం అనే మాట పెట్టారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ రాజ్యాంగ సభలో ఆ ఎంపికను సమర్థించారు. 1950లో ఎ.కె. గోపాలన్ కేసులో సుప్రీంకోర్టు ఆ సందును వెడల్పుగా చదివింది. శాసనసభ చేసిన ఏ విధానమైనా చాలునంది. 1978లో మేనకా గాంధీ కేసులో ఆ విధానం న్యాయంగా, సబబుగా ఉండి తీరాలని దాన్ని ఇరుకు చేసింది. ఇరవై ఎనిమిదేళ్ళలో ‘నో పర్సన్ షల్’ మీద పెద్ద వివాదం లేదు. వివాదమంతా ప్రిపొజిషన్ వెనక వచ్చిన మాటల మీదే.

అప్పు పత్రం మీద, అద్దె ఒప్పందం మీద, ఉద్యోగ నియామక పత్రం మీద సంతకం చేసే ప్రతి తెలుగువాడి ముందూ ఇలాంటి వాక్యాలుంటాయి. ‘షల్ నాట్’ చూసి భయపడి, దాని తర్వాత వచ్చే ‘వితౌట్’నో ‘అంటిల్’నో ‘ఎక్సెప్ట్’నో దాటవేసి చదివేవాళ్ళు ఎక్కువ. వాళ్ళ హక్కు అక్కడే ఉంటుంది.

హైదరాబాదులో 1958లో కేంద్ర ఇంగ్లీషు సంస్థ మొదలైంది, ఇప్పుడది ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం. దేశం నలుమూలల నుంచి ఇంగ్లీషు ఉపాధ్యాయులు శిక్షణ పొందిన ఊరు మనది. పాఠ్యపుస్తకాలు రాసే కమిటీల్లో కూర్చునే ఆచార్యులకూ, రేపు ఉదయం తొమ్మిదో తరగతిలో మోడల్ క్రియల పాఠం మొదలుపెట్టే ఉపాధ్యాయులకూ ఈ ఉపన్యాసం చేసే విన్నపం ఒక్కటే. ‘మస్ట్ నాట్’ బోర్డు మీద రాసిన రోజునే దాని పక్కన అంటిల్, బై, వితౌట్, ఎక్సెప్ట్ రాయండి. వాటి కింద కూడదు, అక్కరలేదు, గాని, తప్ప అన్న తెలుగు మాటలు రాయండి. పిల్లల చేత ఒక బస్సు టిక్కెట్టు వెనకున్న షరతులో, ఒక హాస్టలు నిబంధనల కాగితమో తెప్పించి, అందులో ఒక్కొక్క నిషేధం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వాళ్ళనే గీత గీసి చూపించమనండి.